నేల కిరాయి

కొల్లూరు దాటాక, రింగు రోడ్డు పక్క సర్వీసు దారిలో
ఎకరానికి రెండు గుంటలు తక్కువగా నాకు నేల ఉంది.
దాని మీద ముప్ఫై ఆరు ఇళ్ళున్నాయి,
ఒక్కటీ నాది కాదు.

పటాన్‌చెరు షెడ్డుల్లో వెల్డింగు చేసి
లారీల మీద తెచ్చి దించిన రేకు ఇళ్ళు.
ఒకటి నీలం, ఒకటి ఇటుక రంగు,
ఒకదాని ఒంటి మీద ఏదో ఓడల కంపెనీ పేరు
ఇంకా సగం చెరగలేదు.
కొనుక్కున్నది వాళ్ళు, కిస్తీలు కట్టేది వాళ్ళు,
చిల్లు పడితే తారు పూసేది వాళ్ళు.
నేనిచ్చేది నేల, ఒక బోరు, మూలన ఆరు మరుగుదొడ్లు.
తీసుకునేది నెలకు రెండు వేల రెండొందలు.

ఈ లెక్క చెప్పింది నరహరి.
మియాపూర్‌లో చాయ్ చల్లారిపోతుంటే
టిష్యూ కాగితం మీద గీశాడు.
"ఫ్లాటు కొంటే పెచ్చులూడ్తయి, నువ్వే పూయాలె.
ఈడ ఇల్లు వాడిది, నేల నీది.
ఇల్లు ఏటేటా పాతబడ్తది, నేల పడదు."
తర్వాత గొంతు తగ్గించాడు.
"పేరుకే కదిలే ఇండ్లన్నా.
కదిలియ్యాలంటే క్రేనుకు, ట్రాలీకి పద్దెనిమిది వేలు.
వాడు యాడికి పోతడు?"

ఆ "యాడికి పోతడు" అన్న మాటలో
నా రిటైర్మెంటు డబ్బంతా పెట్టాను.
కరెంటాఫీసు కౌంటరులో ముప్ఫై ఏళ్ళు
ఊరి వాళ్ళ నోట్లు లెక్కపెట్టిన వేళ్ళు నావి.

తప్పనుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా అనుకోను.
నల్లగండ్లలో ఒంటి గది ఎనిమిది వేలు.
నిలబడే చోటు ఎవరో ఒకరివ్వాలి కదా.
ఒకటో తారీఖు వెళ్తే కుర్చీ వేసేవాళ్ళు,
పాలమూరు మేస్త్రీలు, ఒడిశా టైల్సు కుర్రాళ్ళు,
పదకొండో నంబరులో గౌసియా.
సెక్యూరిటీ గార్డుల యూనిఫారాలు కుట్టేది.
గుమ్మం పక్క పెయింటు డబ్బాల్లో పుదీనా,
ఎండాకాలం రేకు మీద తడి గోనెసంచులు.

మార్చిలో నోటీసు అంటించాను, మూడొందల పెంపు.
అందరూ గొణిగారు, ఏప్రిల్లో ఇచ్చారు.
గౌసియా రెండుసార్లు చదివింది.
కుట్టుపని టేపు తెచ్చి తన ఇంటినే కొలిచింది.
"ఇరవై బై పది. సార్, ఇంత నేల మీకెంతల పడ్డది?"
నేను చెప్పలేదు.
పిల్లాడి నోటుబుక్కు వెనక అట్ట చూపించింది,
మూడేళ్ళ కిరాయి, నెల నెలా, కూడిక.
నరహరి చేతిరాత కంటే చక్కటి చేతిరాత.

మే ఆఖర్న, రాత్రి పదకొండున్నరకు, వాచ్‌మన్ ఫోను.
"సార్, పదకొండో నంబరు లేస్తుంది."
"ఎవరు లేస్తున్నారు?"
"ఇల్లు సార్. ఇల్లు లేస్తుంది."

కోకాపేట టవర్ల దగ్గర క్రేను లారీ నడుపుతాడట ఆమె మరిది.
డ్యూటీ దిగి దారిలో ఇటు తిప్పాడు.
పద్దెనిమిది వేలకు బదులు
డీజిలు, ఒక గిన్నెడు ఖీమా.
నరహరి లెక్కలో మరిది లేడు.

గొలుసులు బిగిశాయి.
ఇల్లు ఒకసారి మూలిగి నేల వదిలింది.
లోపల గిన్నెలు ఒకదానికొకటి తగిలి
ఆ చప్పుడు పైనుంచి వినబడింది.
పుదీనా డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని
గౌసియా క్యాబిన్‌లోంచి వంగి చెప్పింది,
"ఈ నెలది మీటరు డబ్బాల పెట్టిన సార్."
చూశాను. పెంచిన మూడొందలతో సహా ఉంది.

లారీ వెళ్ళాక ఆ చోట నిలబడ్డాను.
మూడేళ్ళుగా వాన తగలని మట్టి, పిండిలా.
నాలుగు సిమెంటు దిమ్మెలు, ఒక బాబిన్, ఒంటి చెప్పు.
ఇదంతా నాదే.

చుట్టూ ముప్ఫై ఐదు తలుపులు తెరుచుకున్నాయి.
ఎవరూ నావైపు చూడలేదు.
తలలెత్తి చూస్తున్నారు,
తమ తమ ఇళ్ళ పైమూలల్లో
ఇన్నాళ్ళూ బట్టలారేసుకున్న
ఇనుప కొక్కేల వైపు.