సైకిల్ స్టాండు లెక్క

పదకొండేళ్ళుగా ఆగస్టు పదిహేను మధ్యాన్నం
కావలికీ కందుకూరుకీ ఫుట్‌బాల్.
ఎవురెన్ని గోల్స్ కొట్టారో నాకు తెలవదు.
నా వీపెప్పుడూ ఆటకేసే.
నాకు తెలిసింది టోకెన్లు.

వాన పడ్డ ఏడు మూడొందల నలభై.
కందుకూరోళ్ళు లారీ కట్టుకోనొచ్చిన ఏడు
టోకెన్లు చాలక అట్టపెట్టె చించి
బొగ్గుతో అంకెలేసి ఇచ్చినా.
జెండా కాడ పంచిన చాక్లెట్టు బుగ్గన పెట్టుకోని పిలకాయలు,
చొక్కాకి కాయితం జెండా ఇంకా తియ్యని గుమాస్తాలు,
కొట్టు మూసి, చేతులేం చెయ్యాలో తోచని
టైలరు మస్తానయ్య.

ఈ ఏడు కమిటీ కొత్తది.
"శుక్రవారమెందుకబ్బా, ఆదివారం పెడితే
రెట్టింపు జనం" అన్నాడు సెక్రటరీ ప్రభుదాసు.
కాయితం మీద బాగానే ఉండాది.

ఆదివారం నూట పద్దెనిమిది,
మోపెడ్లతో కలిపి.
ఆదివారం ఎవురిది వాళ్ళకుండాది:
చర్చి, చేపల పులుసు, బోర్లా పడి నిద్ర.
జెండా పండగ్గదా ఎవురిదీ కానిది.

అంతకు ముందు శుక్రవారం
మ్యాచ్ లేదని తెలిసీ తాడు కట్టి కూచున్నా.
నలభై రెండు మంది వచ్చారు.
ఖాళీ గోల్‌పోస్టుకేసి చూసి
"మీవోళ్ళు దడుసుకున్నార్రా" అంటే
"మీవోళ్ళే" అని
చీకటి పడిందాకా తిట్టుకోని పోయారు.

డబ్బులు తీసుకోలా.
టోకెన్లు మాత్రం ఇచ్చినా.
ఏడో నంబరు
ఇంకా తిరిగి రాలా.