బట్టీ

పొద్దున ఆరింటికి పీర్‌వధాయ్ అడ్డాలో
టైర్లు కాలితో తన్ని చూసుకుని
పదకొండు మందిని ఎక్కించుకున్నాను.
ఆరేళ్లుగా ఇదే పని.
తక్షశిల మలుపులో రోళ్లూ గోరీ పలకలూ చెక్కే దుకాణాలు దాటి
జౌలియాన్ కొండ కింద బండి ఆపడం,
సీటు వెనక్కి వాల్చి ముఖాన తువ్వాలు కప్పుకోవడం.
పైన ఏముందో నాకు తెలియదు.
దిగొచ్చిన వాళ్ల చెప్పుల దుమ్ము మాత్రం తెలుసు,
మ్యాట్లు దులిపేది నేనే కనక.

ఇవాళ ఓక్-సున్ అనే కొరియా ముసలావిడ
మెట్ల దగ్గర నిలబడి
మెట్ల వంక కాదు, నా వంక చూసింది.
నా భాష ఆమెకు రాదు. మోచెయ్యి చాపింది.
పట్టుకోకపోతే మా అమ్మ గోరీలోంచి లేచొచ్చి తిట్టేది.

అడవి ఆలివ్ చెట్ల నీడ ఉన్నచోటల్లా ఆగాం.
నీడ లేనిచోట కూడా ఆగాం.

పైన గైడు గుల్ఫరాజ్.
ఇరవై ఏళ్ల పాఠం, తడుముకోడు.
ఎక్కడ నవ్వాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో
అదీ బట్టీ పట్టిందే.
"ఇది భిక్షువు గది. ఒకరికొకటి. ఈ గూట్లో దీపం.
ఇది వంటిల్లు, ఇదిగో తిరగలి రాయి.
ఇది నీళ్లు పోయే తూము."
కాళ్లు చాపితే గోడ తగిలేదేమో, పాపం, అన్నాడు
చదువుకున్న కుర్రాడొకడు.
నా క్యాబిన్ కంటే పెద్దదే,
అనలేదు నేను.

"ఒకనాడు శత్రువులొచ్చి నిప్పు పెట్టారు.
దూలాలు కాలి కూలాయి.
పచ్చి మట్టితో చేసిన బొమ్మలు
ఆ మంటలోనే కాలి గట్టిపడ్డాయి.
అందుకే ఇవాళ మనం చూస్తున్నాం. రండి, ఇటు రండి."

అందరూ అటు వెళ్లారు.
నేను వెళ్లలేకపోయాను.

అతనిది ఒక బట్టీ, నాది ఇంకో బట్టీ.
తొమ్మిదేళ్లప్పుడు, నాన్న వాడుకున్న అడ్వాన్సు తీరేదాకా,
అమ్మ ఇటుకలు కోసేది.
కాలిన వరస విప్పినప్పుడు
వేలి కణుపుతో కొట్టి వినడం నా పని.
ఖంగుమంటే బండికి,
దబ్బుమంటే పక్కకి.
ఒక రాత్రి అకాల వాన.
ఆరబెట్టిన పచ్చి ఇటుకలు, నెల రోజుల నడుంనొప్పి,
వరసలు వరసలుగా బురదైపోతుంటే
అమ్మ దుపట్టా తీసి కప్పింది.
ఎన్నింటికని కప్పుతుంది?
నాలుగింటికి.

తాడు దాటాను.
తల లేని ఒక బొమ్మ, పద్మాసనం, మోకాలి దగ్గర బీట.
కణుపుతో కొట్టాను, మెల్లగా, రెండుసార్లు.

"ఏయ్ డ్రైవర్! ముట్టుకోకు!"
గుల్ఫరాజ్ పరుగెత్తుకొచ్చాడు.
పాఠంలో లేని గొంతు అది, మొదటిసారి విన్నాను.

"ఇది సరిగ్గా కాలలేదు భాయ్," అన్నాను.
"పైపైన కాలింది. లోపల ఇంకా పచ్చిదే.
బట్టీకి పగలూ రాత్రీ మంట పెట్టాలి, వారాల తరబడి.
ఇది ఒక్క రాత్రి మంట.
గట్టి వాన పడితే ఈ బీటలోంచి తాగేస్తుంది.
పైన రేకు కాస్త ఇటు జరిపించు."

అతను రేకు వంక చూశాడు.
బీట వంక చూశాడు.
తిట్టడానికి తెరిచిన నోరు
అలాగే కాసేపు ఉంచి,
"ఏ బట్టీ మీది?" అన్నాడు.
చెప్పాను.
"మా మేనమామ అక్కడే," అన్నాడు,
ఇంకేమీ అనకుండా తాడు సరిచేశాడు.

దిగేటప్పుడు ఓక్-సున్ నా చెయ్యి పట్టుకోలేదు,
వేళ్లు పట్టుకుంది,
కణుపులు ఒక్కొక్కటే తడిమి చూస్తూ,
ఏదో వెతుకుతున్నట్టు.

బండి దగ్గర అందరూ నీళ్ల సీసాల కోసం తోసుకుంటుంటే
ఆమె మాత్రం తలుపు ముందు వంగి
చెవి ఆనించి,
వేలి కణుపుతో నా బండిని కొట్టింది.

దబ్.

ఆమె నా వంక చూసి తల అడ్డంగా ఊపింది.
ఎన్నాళ్లకో, పొట్ట పట్టుకుని నవ్వాను.