తక్కువ తూకం

సర్జాపుర రోడ్డు పక్కన లిఫ్టు గుంత తవ్వుతుంటే
జేసీబీ పంటికి తగిలి మూతి విరిగింది కుండ.
డ్రైవరు ఓబుళప్ప, కదిరి పక్క మనిషి,
ఇంజను ఆపి, దిగి,
తన తువ్వాలు కప్పి మేస్త్రీకి ఫోను చేశాడట.
ఆ తువ్వాలు ఇంకా నా బల్ల మీదే ఉంది.
గళ్ళది. బీడీ వాసన.

రెండేసి సెంటీమీటర్ల పొరగా కుండ ఖాళీ చేశాను.
జల్లెడలో పోసి నీళ్ళు సన్నగా వదిలితే
మట్టి పోతుంది, ఎముక నిలుస్తుంది
పింగాణీ పెంకులా గలగలమంటూ.
తెలుపంటే మంట బాగా పట్టినట్టు.
నీలి బూడిద రంగంటే కట్టెలు చాలనట్టు.
తొడ ఎముక మీద గోటి నొక్కుల్లా వంపు పగుళ్ళు:
కండ ఉండగానే కాల్చారు.
పన్నెండు వందల ఏళ్ళ మాట, అటూ ఇటూగా.
ఇంతవరకు రిపోర్టులో రాయొచ్చు.

సన్నటి మనిషైనా కాలితే కిలోకి తగ్గదు.
నా త్రాసు ఆరువందల నలభై దగ్గర ఆగింది.
మిగతాది ఏట్లో కలిపారా,
పొద్దుపోయిందని వదిలేశారా,
ఏరిన వాళ్ళకి కళ్ళు ఆనలేదా?

మా పిన్ని విల్సన్ గార్డెన్ కరెంటు శ్మశానం నుంచి
ఎర్రగుడ్డ కట్టిన ముంతలో వచ్చింది.
నేనే తెచ్చాను, ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని.
మీటరు మీద ఇరవై అడిగాడు, ఇచ్చాను.
వేడి ఇంకా చీరలోంచి తగులుతుంటే
పాడు అలవాటు, చేతులతోనే తూచాను.
తక్కువే.
మిగతాది ఏదని ట్రే లాగిన మనిషిని అడగలేదు.
అడగడమే నా ఉద్యోగం.

పొరల చీటీలు వరసగా పరిచాకగానీ తెలియలేదు:
అట్టడుగున కాలి వేళ్ళు,
ఆ పైన మోకాలి చిప్ప, వెన్నుపూసలు,
మూతి దగ్గర పుర్రె పెంకులు, పంటి వేళ్ళు.
కాళ్ళ దగ్గర కూర్చుని మొదలుపెట్టి
తల దాకా జరుగుతూ వచ్చారెవరో.
కొంచెమే తీశారు.
కుండలో మనిషిని నిలబెట్టారు.

ఆదివారం ఓబుళప్ప ఫోను.
"మేడమ్, ఆడమనిషా, మొగమనిషా?"
తెలీదన్నాను. వరస సంగతి చెప్పాను.
కాసేపు లారీ హారన్లే వినబడ్డాయి.
"మళ్ళా పెట్టేటప్పుడు అట్లే పెట్టు మేడమ్,
తల పైకి వచ్చేటట్ల."

సరేనన్నాను.
నా ముందు జిప్పు సంచులు, ముప్పై ఏడు,
నంబర్లు వేసి,
సైజుల వారీగా.