నలభైకి పైన

మీసేవల స్లాటు దొరికేసరికి
మూడు పండుగల జాకెట్లు కుట్టి ఇచ్చిన.
నాలుగుసార్లు నిండిపోయిందన్నది కంప్యూటరు.
ఐదోసారి ఆ పిలగాడు అర్ధరాత్రి మేల్కొని పట్టిండట,
యాభై తీసుకున్నడు.

తమ్ముని పేరు ఐలేష్. ముప్పై ఒకటి నిండినయి.
ఆధార్ల ముప్పై మూడు.
రేషన్ కార్డుల ఐలయ్య.
ముగ్గురూ ఒక్కడేనని ఎవరో సారు సంతకం పెట్టాలన్నరు.
ఆ ముగ్గురినీ చెయ్యి పట్టుకొని
గుడిమల్కాపూర్ల పొద్దున ఆరింటికి బయల్దేరిన.

క్యాంపుల బెంచీలు తక్కువ, తల్లులు ఎక్కువ.
ఒకామె ఒళ్ళో పన్నెండేండ్ల బిడ్డ,
కాళ్ళు నేలకు ఆనుతున్నయి.
నా ఎనక నంబరు పెద్దాయన
నెరిసిన గడ్డం కొడుక్కి
అరటిపండు తుంచి తుంచి పెడుతున్నడు.
ఏమైందని ఎవరూ ఎవరినీ అడుగుతలేరు.
ఎన్నోసారి? అంటున్నరు, గంతే.

నలభైకి తక్కువైతే కార్డు లేదు.
కార్డు లేకుంటే బస్సు పాసు లేదు, పింఛను లేదు,
బోయిన్‌పల్లి సెంటరుల
పొద్దటి నుంచి మూడింటి దాక
వాడు కూసునే కుర్చీ లేదు.
ఎక్కువ మార్కులకు మొక్కినోళ్ళను చూసిన.
తక్కువ తెలివికి మొక్కిన అక్కను
నన్నే చూసిన, రాత్రంతా.

ఇరవై ఏండ్లు నేర్పిందంతా
ఒక్క పూట మరిచిపోరాదురా అనుకున్న.
పేరు రాసుడు, ఇంటి నంబరు చెప్పుడు,
గుండీ పెట్టుడు.
గుండీకే ఏడాది పట్టింది,
మిషను పక్కన కూసోబెట్టి, పాత చొక్కా ఒళ్ళో పెట్టి.
ఇయ్యాల కింది గుండీ
నేనే ఇప్పిన, గేటు కాడ.

డాక్టరమ్మ చిన్నదే. కండ్ల కింద నలుపు.
పదిల మూడు తీస్తే ఎంత?
వాడు నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు.
ఇయ్యాల ఏం వారం?
బుధారం అన్నడు.
మంగళారం.
నా గుండె కుదుటపడ్డది, పాపిష్టి గుండె.
ఎట్లొచ్చిన్రు?
గప్పుడు లేచి నిలబడ్డడు.

నలభైతొమ్మిది ఎం.
మెహిదీపట్నంల ఎక్కాలె.
మాసబ్‌ట్యాంకు, పంజగుట్ట, బేగంపేట, ప్యారడైజు,
సికింద్రాబాద్.
ఐదు కె గూడ పోతది గని
అది లక్డికాపూల్ తిరిగి పోతది మేడం, లేటు.

చెప్పి, కిందికి చూసుకొని,
గుండీ పెట్టుకున్నడు.

పెన్ను ఆగింది.
నా తాన ఇంచుటేపు ఉన్నది.
నడుము ముప్పైనాలుగని రాస్తే
బట్ట సరిగ్గ కూసోవాలె, లేకుంటే తప్పు నాది.
ఈమె టేపు యాడ మొదలైతదో, యాడ ఆగుతదో.

ఒక్కడే పోతడా?

ఒక్కసారి పోయిండమ్మా.
రెండోనాడు దొరికిండు,
డిపోల, ఆపిన బస్సుల, కిటికి పక్క సీట్ల.
అందరూ దిగినా దిగలేదట.
ఎక్కుడు తెలుసు వానికి.
దిగుమని ఎవరన్న చెప్పాలె.

ఆమె కొంచెంసేపు ఏం అనలే.
తర్వాత రాసింది. ఎంతో నాకు చూపలే.
ఫోన్‌కు మెసేజ్ వస్తదమ్మా అన్నది.
ఇంకొక మాట అన్నది మెల్లగ:
గుండీ బాగ పెట్టిండు.

తిరిగొచ్చేటప్పుడు నాది జీరో టికెట్, వానిది పైసల టికెట్.
కిటికి వానికే.
పంజగుట్ట దాటంగ నాకు ఏడుపొచ్చింది,
ఎందుకో ఇంకా తెల్వది.

రెండు నెలలాయె. పెండింగని చూపెడుతున్నదట.
వాడు మాత్రం పాసు ఫొటోకని
రోజూ పొద్దుగాలనే తయారైతడు,
తల దువ్వుకొని,
మెడ కాడి గుండీ గూడ పెట్టుకొని,
ఊపిరాడకున్నా.