ఏడో గొంతు

సోంపేట బ్రాంచికి వచ్చే లైను సన్నం.
మొదట్లో రెండే గొంతులు పట్టేవి.
పలాసలో పప్పు డబ్బాకెత్తినట్టు
నొక్కి, కుదిపి, ఇంకా నొక్కి
ఆరు చేశాను.

ఏడోది జొరబడితే
ఏడుగురి మాటా నుజ్జే.
నూతిలోంచి పిలిచినట్టుంటుంది,
"రేపు" అన్నది "రే" దగ్గర తెగి పడుతుంది.
అందుకే శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి
గీత గీసి వెళ్లాను. ఆరు, అంతే.
ఏడో మనిషికి బిజీ టోను.
లోపలి హాల్లో డయాలిసిస్ మెషిన్లు కూడా ఆరే.
ఆ గీత నాది కాదు.

సోమవారం పొద్దున్నే
కవిటి, కంచిలి, బారువ, మందస
ఒక్కసారే ఫోనెత్తుతాయి.
"బాబూ, నా వొంతెప్పుడు?"
"కరెంటుందా? బస్సెక్కీమంతారా?"
హైమావతి టీ మీద మీగడ కట్టేస్తుంది.

ఇంకో చిట్కా మిగిలింది నా దగ్గర.
మనిషి ఊరుకున్నప్పుడు ఆ ఊరుకోవడాన్ని పంపక్కర్లేదు.
ఒకరి మౌనం జాగాలో
ఇంకొకరి మాట ఎక్కించొచ్చు.
అవతలి చెవికి అనుమానం రాకుండా
పెట్టె తనే కాస్త హోరు పోస్తుంది,
బారువ సముద్రం దూరంగా ఉన్నట్టు.
ఆరు ఎనిమిదయ్యాయి.
పై ఆఫీసు మెచ్చుకుంది.

తవిటమ్మ కాల్ తర్వాత రికార్డింగులో విన్నాను.
"ఏమ్మా, మీ ఆయనకెలా ఉంది?"
పదకొండు సెకన్లు.
అంత మెల్లటి ఊపిరి
పెట్టె లెక్కలో ఖాళీ కిందికే వస్తుంది.
ఆ ఖాళీలో మందస నుంచి ఎవరిదో
బిల్లు రసీదు సంగతి దాటిపోయింది.
హోరు మాత్రం వినిపించింది. అది తవిటమ్మది కాదు.
"హలో, హలో" అని
హైమావతి పెట్టేసింది.
పాపం, ఆమెదేం తప్పు?

తవిటమ్మ మళ్లీ చేసింది.
అప్పటికి ఎనిమిదీ నిండాయి.
పొర్లిన కాల్ ఎటు పోవాలో
నేనే ఎప్పుడో రాసిపెట్టి మరిచాను.
గేటు దగ్గర, స్టూలు మీద,
పాత రాగి తీగ ఫోనుకి.

వాచ్‌మన్ కూర్మారావుకి కంప్యూటరు రాదు.
ఎత్తాడు. ఊరుకున్నాడు.
ఆ తీగ దేన్నీ కోయదు,
ఊపిరికి ఊపిరంత చోటు ఇస్తుంది.
ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు.
చివరికి ఆమే అంది:
"మావోడి బుదారం వొంతు
ఇంకోలికి ఇచ్చీండి బాబూ."

అతని పుస్తకంలో పెన్సిల్ రాత:
తవిటమ్మ. బుదారం కాళీ.
కింద ఇంకేదో రాసి కొట్టేశాడు.
ఎంత వెలుతురికి పెట్టినా చదవలేకపోయాను.

ఆ రాత్రే చిట్కా తీసేశాను.
మళ్లీ ఆరు.
బుధవారం వొంతు కంచిలి కుర్రాడికి వెళ్లింది,
మూడు వారాలుగా బిజీ టోను విన్నవాడికి.

సామర్థ్యం ఎందుకు తగ్గిందని
పై ఆఫీసు కాగితం పంపింది.
కారణం అన్న గడి
అంగుళం పొడవుంది.