కిటికీకి రెక్కల్లేని ఇల్లు

మార్చి ఎండల్లోనే కట్టింది దండ.
పెద్దకూర వేలెడు వెడల్పున కోసి,
ఉప్పూ పసుపూ ఎల్లిపాయా రుద్ది,
జనపతాడుకి గుచ్చి
(తాడు మా మిల్లుదే, తెచ్చింది నేనే, ఎవరితో అనకండి)
డాబా మీద మూడెండలు ఎండబెట్టింది సువార్తమ్మ.
కర్ర పట్టుకుని కాకులకి కాపలా కాసే డ్యూటీ నాది.
మూడోనాటికి ముక్క బిర్రబిగిసింది,
తడిసిన ఇటుక రంగు తిరిగింది,
జాడీలో పడి వానాకాలం దాకా నోరు మూసుకుంది.

ఇవాళ చంపావతి మీద మబ్బు.
షిఫ్టు దిగి వస్తూ మొయిద జంక్షన్లో
క్యాబేజీ ఒకటి కొన్నాను, పదిహేను రూపాయలు.
బిగించి చుట్టిన తలపాగాలా ఉంది.
అమ్మే ముసల్ది పై ఆకులు రెండు ఒలిచి
మేకకి పడేసి, మిగతాది నా సంచిలో వేసింది.

వేడినీళ్ళలో నానబెట్టి రోట్లో దంచితే
ఉప్పుకండ పోగులు పోగులుగా విడిపోయింది,
రోజంతా మగ్గం దగ్గర నేను చూసే పీచులాగే.
కాకపోతే దీన్ని నమలొచ్చు.

కుక్కరు ఆరు కూతలు కూసింది.
"సన్నగా తరక్కు, పెళ్ళిభోజనం కాదిది" అంది.
పెద్ద పెద్ద రేకులుగానే వెయ్యాలట.
వెయ్యగానే అది గిన్నెనిండా అలిగి కూర్చుంటుంది,
మూత కూడా పట్టనివ్వదు.
కాసేపటికి కుదురుకుని
కండలోంచి ఉప్పు తాగుతుంది, తన తీపి వదులుతుంది.

మా కూరలోకి క్యాబేజీ ఎలా వచ్చిందో చెప్పాలి.

విజయనగరంలో, కంటోన్మెంటు పక్క అద్దెగది.
ఇల్లుగలావిడ మొదటిరోజే అడిగింది,
"మీరేటి తింతారు?"
"కూరగాయలండి" అంది సువార్తమ్మ.
అన్న నోటితోనే ఆ రాత్రి ప్రార్థన చేసుకుని పడుకుంది.
పుట్టింటి నుంచి ఉప్పుకండ
బియ్యం మూటలో మునిగి వచ్చేది.
అది ఉడికే రోజున తలుపు కింద తడిగోనె దోపి,
కిటికీ బిడాయించి,
రెండో పొయ్యి మీద క్యాబేజీని కావాలనే మాడనిచ్చేది.
ఎవరైనా ముక్కు చిట్లిస్తే
"కేబేజీ అండి, కంపు కొడతాది" అనేది.
నేరమంతా దాని నెత్తిన. పాపం, ఒక్కరోజూ ఎదురు చెప్పలేదు.

ఒక రాత్రి గ్యాసు అయిపోవస్తుంటే
విసుగొచ్చి రెంటినీ ఒకే గిన్నెలో వేసేసింది.
అంతే.
చెయ్యి ఎండిపోయేదాకా కంచాల ముందు కూర్చున్నాం,
ఆ చెమట గదిలో, మాటల్లేకుండా.

ఇప్పుడు నెల్లిమర్లలో రెండు గదులు మావి.
అప్పు ఉంది. గచ్చు సగమే అయ్యింది.
వంటింటి కిటికీకి రెక్కలు పెట్టించలేదు,
నేను అడుగుతూనే ఉంటాను,
ఆమె చూద్దాంలే అంటూనే ఉంటుంది.
అందులోంచి జల్లు లోపలికొస్తుంది,
వాసన వీధి చివర టీకొట్టు దాకా పోతుంది.

నైట్‌షిఫ్టుకెళ్ళే గవరయ్య సైకిలాపి అరిచాడు,
"ఓలప్పా, ఏటి కూర?"
గరిటె చేత్తో కిటికీ దగ్గరికెళ్ళింది.
"పెద్దకూరరా! ఉప్పుకండ, కేబేజీ ఏసేను.
గిన్నుంటే తే!"
ఎనిమిదేళ్ళ కాపురంలో
ఆ పేరు వీధికి వినబడేలా అనడం
ఇదే మొదలు. గవరయ్యకి అదేమీ తెలీదు,
క్యారేజీలో పైగిన్నె విప్పి ఇచ్చాడు.

పొగలన్నం. పచ్చి ఉల్లిపాయ. నిమ్మచెక్క.
ముక్క పంటికింద ముందు మొండికేస్తుంది,
తర్వాత మార్చి ఎండంతా ఒక్కసారి వదిలేస్తుంది.
రేకు రసాన్ని దోసిట్లో పట్టినట్టు తెచ్చి
నాలుక మీద పోస్తుంది.
ఒక నార పళ్ళసందున ఇరుక్కుంది,
రేపు మిల్లులో మధ్యాహ్నం దాకా
దాన్ని నాలుకతో తడుముకుంటూ ఉంటాను.

"ఉప్పెక్కువైందేటి?"
ఎక్కువే.
ఇంకో గరిటె అన్నం పెట్టమన్నాను.