చివరి తూము

అల్లూరు దాటి, ఉప్పుటేరు వాసన మొదలయ్యే కాడ
ఆఖరి తూము నాది.
దాని చక్రం తిప్పే పిడి ఇంకా మా చూరులోనే ఉంది.
రిటైరయినప్పుడు అప్పజెప్పమని ఎవరూ అడగలా.

ఇదంతా జమ్మంట, మా తాత చెప్పేవాడు.
అడుగేస్తే నడుం దాకా బురదంట.
కట్ట పోసి, మురుగుకాలవ తవ్వి,
బొల్లికోళ్లని అదిలించి అదిలించి మడి చేశారు.
తడి మాత్రం ఎటూ పోలా.
వేళకి రావడం నేర్చుకుంది, అంతే.

ఇరవై ఎనిమిదేళ్లు లస్కర్ని.
పెంచలయ్య మడికి ఒక జాము, సుబ్బరత్నమ్మకి అరజాము,
పై ఊరోళ్లు గండి కొడతారని
కట్ట మీదే పడక.
మొలగొలుకులు పొట్టకొచ్చే నెలలో
కళ్లు మూసుకునే చెప్పేవాణ్ణి
కాలవలో నీళ్లు జానెడా, మూరెడా అని.
చప్పుడే చెప్పేది.

తర్వాత రొయ్య వచ్చింది.
ఏట్లోంచి పైపులేసి ఉప్పునీళ్లు ఎగువకి తోడారు.
నీళ్లు గట్టెక్కడం నేను అప్పుడే చూశా.
రాత్రంతా ఏరియేటర్లు,
ఆ నురగలో నా చెవి పోయింది.
పెంచలయ్య రెండు పంటలు బంగారం చూశాడు,
మూడో పంట తెల్లమచ్చ.
గుంట గట్టున కూర్చుని ఉప్పు గీకుతా
"మళ్లీ వరి పండిద్దా, చెంగయ్యా?" అన్నాడు.
నాకు నీళ్ల సంగతి తెలుసు. ఉప్పు సంగతి తెలీదు.

ఇప్పుడు ఎర్రమట్టి లారీలు.
"నాలా కట్టేశాం తాతా, ఇంక ఇబ్బంది లేదు"
అన్నాడు రాళ్లు పాతే కుర్రాడు.
పోన్లే, మురుక్కి దారి కట్టారనుకున్నా.
కాదంట. ఇది సేద్యం నేల కాదని రాయించుకోడానికి
సర్కారుకి కట్టే డబ్బంట, నాలా అంటే.
అంకణం ఇంతని బోర్డు మీద రాసుంది.
నా తూము ఉన్న చోట పార్కంట, పచ్చరంగు పూశారు.

మొన్న కార్తీకంలో వాయుగుండం.
తెల్లారి పోయి చూస్తే
నూట పద్నాలుగు రాళ్లలో
తలలు కనపడేవి పన్నెండు.
వాటి మధ్య బొల్లికోళ్లు
కొలతలేస్తున్నట్టు తిరగతా ఉండాయి.

సాయంత్రం కుర్రాడి ఫోను:
"తాతా, ఆ పిడి నీ కాడుందంట గదా?"

కొబ్బరినూనె రాసి, గోనెలో చుట్టి బయల్దేరా.
తూము ఏ ప్లాటు కిందుందో
చూసి చెప్పలేను అబ్బయా,
వినాలి.
ముందు ఆ మోటార్లు ఆపించు.